గీతకు ఇటూ అటూ: కళింగాంధ్ర సరిహద్దులో సాంస్కృతిక పర్యాటకం
(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)

గిడుగు వెంకట రామమూర్తి పేరు మీద జరిగే సభల్లో మామూలుగా వ్యావహారిక భాషోద్యమం గురించే మాట్లాడతారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నది ఆ ఉద్యమం వల్లే కాబట్టి అందులో తప్పు లేదు. అయితే ఆ ఉద్యమకారుడికి ఒక ఊరు, ఒక నది, ఒక కొండల వరుస కూడా ఉన్నాయి. ఆయన 1863లో శ్రీముఖలింగం పక్కనున్న పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. చరిత్ర పాఠం చెప్పడానికి పుస్తకంలో ఉన్నది చాలక ముఖలింగం గుడిగోడల మీది శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకున్నారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల మాట వినీ వినీ, ఆ భాష నేర్చి, 1931లో దానికొక మాన్యువల్‌, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చులోకి తెచ్చారు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధుల శిథిలాలు ఉన్నాయని 1919లో బయటి లోకానికి చెప్పిందీ ఆయనే. గైడు అన్న ఉద్యోగం ఆ ప్రాంతంలో పుట్టకముందే ఆ పని చేసిన మనిషి.

1936 ఏప్రిల్‌ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి పట్నం అందులోకి పోయింది. డెబ్బై రెండేళ్ల వయసులో గిడుగు ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న పట్నాన్ని ఒరిస్సాలో కలపడం ఆయనకు అన్యాయంగా తోచింది. ఆ బాధ న్యాయమైనదా కాదా అన్న చర్చకు ఇక్కడ చోటు లేదు. తొంభై ఏళ్లు గడిచాయి, ఆ సరిహద్దు గీత ఇక కదలదు. దాని మీదుగా మనుషులు ఎట్లా రాకపోకలు సాగిస్తున్నారు, ఆ రాకపోకల్లో ఆ ఊళ్లకు నాలుగు డబ్బులు మిగిలే దారి ఏది, ఉన్న అందం చెడకుండా చూపించడం ఎట్లా అన్నవే ఈ ఉపన్యాసం పట్టించుకునే ప్రశ్నలు.

ముందు ఆ గీత సంగతి. పాత గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. అందులో తెలుగు, ఒడియా, సవర, కొంధు మాటలు ఒకే సంతలో వినిపించేవి. భాషను బట్టి రాష్ట్రం గీయాలని కూర్చున్నప్పుడు ఈ సంతను ఎక్కడ కోయాలో ఎవరికీ తెలియలేదు. కమిటీలు తిరిగాయి, మహజర్లు వెళ్లాయి, పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి లండన్‌ రౌండు టేబులు సమావేశం దాకా వెళ్లి ఒరిస్సా పక్షాన వాదించారు. చివరికి ఆయన జమీందారీ మధ్యలోంచే గీత వెళ్లింది. కోట, పట్నం ఒరిస్సాకు. టెక్కలి, పాతపట్నం వైపు ఊళ్లు మద్రాసుకు. బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. ఇటు మిగిలిన భాగం విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. అటు పోయిన పర్లాకిమిడి చాలాకాలం గంజాంలోనే ఉండి, 1992లో గజపతి జిల్లాకు కేంద్రమైంది. మహారాజు 1937లో ఒరిస్సాకు మొదటి ప్రధానమంత్రి అయ్యారు.

ఆ గీతను లెక్కచేయనిది ఒకటుంది: రైలు. నౌపడా ఉప్పుమళ్ల దగ్గర, మద్రాసు–కలకత్తా ప్రధాన లైను నుంచి చీలి పర్లాకిమిడికి వెళ్లే చిన్న గేజి దారిని పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి వేయించారు. అది 1900 ఏప్రిల్‌ 1న మొదలైంది. ఒరిస్సా పుట్టిన తేదీకి సరిగ్గా ముప్పై ఆరేళ్ల ముందు, అదే రోజు. 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. రెండున్నర అడుగుల ఆ గేజి మీద బొమ్మబండిలాంటి రైలు 2004 దాకా నడిచింది. తరువాత పట్టాలు పీకి, పెద్ద గేజి వేసి, 2011లో మళ్లీ తెరిచారు. నౌపడా, టెక్కలి, టెంబూరు, పాతపట్నం ఆంధ్రలో. ఒక్క స్టేషను దాటితే పర్లాకిమిడి, ఒడిశా. దాని తరువాత కాశీనగరం, వంశధార వంతెన, గుణుపురం. విశాఖపట్నం నుంచి గుణుపురానికి పాసింజరు బండి ఉంది. డార్జిలింగు, ఊటీ చిన్నబండ్లు యునెస్కో జాబితాకెక్కితే ఈ బండి తుక్కులోకి పోయింది. నష్టమే. కానీ దారి ఉంది, ఊళ్లు ఉన్నాయి, టిక్కెట్టు ధర పేదవాడికి అందేదే. పర్యాటక శాఖలు ఖర్చు లేకుండా వాడుకోగల సరుకు ఇంతకంటే మంచిది లేదు.

ఇక శ్రీముఖలింగం. ఈ ప్రాంతంలో ఒక్కటే చూడగలిగితే ఏది చూడాలని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

జలుమూరు మండలంలో, వంశధార ఎడమ గట్టున ఉన్న ఈ ఊరు తూర్పు గంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకున్నారు. మూడు గుళ్లున్నాయి: మధుకేశ్వరం, భీమేశ్వరం, సోమేశ్వరం. మధుకేశ్వరం పెద్దది. ప్రధానాలయం చుట్టూ మూలల్లో చిన్న గుళ్లు, ద్వారబంధాల మీద అల్లుకున్న లతలు, గోడల గూళ్లలో వరాహమూర్తి, నటరాజు, కుమారస్వామి. సోమేశ్వరానికి ముందు మండపం లేదు. గర్భగుడి, దాని మీద నిటారుగా లేచిన శిఖరం మాత్రమే. భువనేశ్వరంలో పరశురామేశ్వరం చూసి వచ్చినవాడు ఇక్కడ నిలబడితే ఆ చేతివాటం వెంటనే పోల్చుకుంటాడు. ద్రాక్షారామం చూసి వచ్చినవాడు తనకు అలవాటైన తెలుగు గుడి ఇది కాదే అని కాసేపు తికమకపడతాడు. ఆ తికమకలోనే ఈ ప్రాంతపు రుచి ఉంది. ఆ తికమక పోగొట్టడానికి రంగులు పూయాల్సిన పని లేదు, విడమరిచి చెప్పేవాళ్లుంటే చాలు.

స్థలపురాణం సవరలది. ఒక సవర నాయకుడి ఇంట్లో భార్యల మధ్య ఇప్పపూల దగ్గర తగవు వచ్చి, అతను విసుగుతో ఆ ఇప్పచెట్టును నరకబోతే మొదట్లో శివుడి ముఖం కనిపించిందట. గంగరాజులు దాని మీద గుడి కట్టారు. అడవి మనిషి కనుగొన్న దేవుడు, రాజు కట్టిన గుడి అన్న ఈ వరస పూరీ జగన్నాథుడి కథలోనూ ఉంది. అక్కడ శబర నాయకుడు విశ్వావసు. ఆ పూరీ గుడి కట్టించిన అనంతవర్మ చోడగంగ దేవుడు 1078లో పట్టం కట్టుకున్నదీ కళింగనగరం రాజుగానే, తల్లి వైపు చోళుల దౌహిత్రుడు. ఆయన కాలంలోనే రాజధాని మహానది వైపు, కటకానికి తరలింది. ముఖలింగం పల్లెగా మిగిలింది. తెలుగు చరిత్ర పుస్తకాల్లో శాతవాహనులకు, కాకతీయులకు, రాయలకు దొరికినంత చోటు గంగులకు దొరకలేదు. రాజధాని ఇక్కడ, ప్రసిద్ధి అక్కడ కావడంతో రెండువైపులా సగం సగం చదువుకున్నారు.

చదువుకోనివాళ్లకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. మహాశివరాత్రికి ముఖలింగంలో జనం పోటెత్తుతారు. ఆ తరువాత వంశధారలో చక్రతీర్థ స్నానం. గజపతి, గంజాం, రాయగడ వైపుల నుంచి ఒడియా యాత్రికులు పిల్లాజెల్లాతో వస్తారు. పాతపట్నంలో నీలమణి దుర్గ అమ్మవారికీ అంతే. గుడి ఆంధ్రలో ఉన్నా భక్తుల్లో ఎంతోమంది మహేంద్రతనయ నదికి అవతలివాళ్లు. అంటే సరిహద్దు పర్యాటకం ఇక్కడ కొత్తగా కనిపెట్టాల్సిందేమీ కాదు. వందల ఏళ్లుగా నడుస్తోంది. దానికి కావలసినవి మరుగుదొడ్లు, తాగునీళ్లు, రాత్రి తలదాచుకోవడానికి ఒక సత్రం, ఒడియాలో రాసిన పలక, చివరి బస్సు వేళ. రిసార్టు కంటే ముందు ఇవి. యాత్రికుణ్ని పర్యాటకుడి లెక్కలో వేయకపోవడం మన శాఖల పాత జబ్బు. ఒక రోజు నదిలో మునిగి, గుడి చూసి, సంతలో గాజులు కొని, పులిహోర తిని ఇంటికి పోయే కుటుంబం ఊళ్లో ఖర్చుపెట్టే డబ్బు చిన్నదే, కానీ అది నేరుగా ఊరి చేతిలో పడుతుంది.

శ్రీకూర్మంలో కథ మరోలా ఉంటుంది. విష్ణువును కూర్మరూపంలో కొలిచే గుడి, రెండు ధ్వజస్తంభాలు, పుష్కరిణిలో అస్థికలు కలిపే ఆచారం ఉండటంవల్ల పితృకార్యాలకు ఒడిశా నుంచి కూడా వస్తారు. కానీ అసలు నిధి ప్రదక్షిణ మండపంలో ఉంది. అక్కడి నల్లరాతి స్తంభాల మీద సంస్కృతంలో, తెలుగులో, ఒడియాలో చెక్కిన శాసనాలున్నాయి: దీపానికి గొర్రెలిచ్చినవాళ్లు, పూలతోటకు భూమి రాసినవాళ్లు, దేవుడి ముందు ఆడే సానులకు జీతం ఏర్పాటు చేసినవాళ్లు. 1281 నాటి శాసనం మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులది. సన్యాసి అయివుండి కళింగ రాజ్యంలో అధికారం నడిపిన విచిత్ర వ్యక్తి ఆయన. ఈ శాసనాల పాఠాలు దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో ఎప్పుడో అచ్చయ్యాయి, పరిశోధకులు వాడుకుంటున్నారు. అదే స్తంభాన్ని ఒరుసుకుంటూ ప్రదక్షిణ చేసే భక్తుడికి మాత్రం అదొక గీతల రాయి. పది స్తంభాలను ఎంచుకుని, ఒక్కొక్కదాని కింద దాత ఎవరు, ఏ ఊరు, ఏమిచ్చాడు అన్నది రెండు మూడు వాక్యాల్లో రాసిపెడితే, ఆ మండపం ఏడెనిమిది వందల ఏళ్ల ఊరి కబుర్ల పుస్తకమవుతుంది. ఇక గోడల మీది చిత్రాలు ఒడిశా పటచిత్రాల దాయాదులు. వాటికి తేమ శత్రువు. దీపాల మసి, యాత్రికుల చేతులు కూడా.

శాలిహుండం దగ్గర ప్రభుత్వ ఆలోచన ఎక్కడ తెగిపోతోందో బాగా కనిపిస్తుంది. కేంద్రం స్వదేశ్‌ దర్శన్‌ పథకం కింద 2017–18లో ఆంధ్రప్రదేశ్‌కు బౌద్ధ సర్క్యూట్‌ ఇచ్చింది. శాలిహుండం, తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ, అమరావతి, అనుపు అన్నది దాని వరస. మంచిదే. కానీ శాలిహుండం నుంచి దారి దక్షిణానికే పోతోంది. ఉత్తరంగా, గంజాంలో ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. అశోకుడి శాసనాలున్న బండ. కళింగ యుద్ధం చేసిన చక్రవర్తి ఆ కళింగులకే చెప్పుకున్న మాటలు ఆ బండ మీద ఉన్నాయి. మహేంద్రగిరి దాటి పోతే గజపతి జిల్లా చంద్రగిరి దగ్గర 1960ల నుంచి టిబెట్‌ శరణార్థుల ఊళ్లు, జీరంగ్‌లో పద్మసంభవ మహావిహారం. దాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. అశోకుడి శాసనం, తారా మారీచి విగ్రహాలు దొరికిన శాలిహుండం, నేడు పిల్లలు మంత్రాలు వల్లెవేస్తున్న జీరంగ్‌ — మూడింటినీ ఒకే ప్రయాణంలో చూసినవాడికి బౌద్ధం ఈ కొండల్లో వచ్చి, పోయి, మళ్లీ వచ్చిన తీరు కళ్లకు కడుతుంది. రాష్ట్రాలవారీగా మంజూరయ్యే సర్క్యూట్‌లో ఆ ప్రయాణానికి చోటు దొరకదు. పథకం రాసేవాళ్లు భౌగోళిక పటం తెరవడానికి బదులు పరిపాలనా పటం తెరిచారు.

ఇటువంటి చిక్కు ఐరోపాలో ఇంకా పెద్దది ఒకటుంది. 1947 సంధి తరువాత గోరిజియా పట్నం ఇటలీకి, దాని శివార్లు, ఉత్తరపు రైల్వేస్టేషను యుగోస్లావియాకు పోయాయి. పట్నం పోగొట్టుకున్న యుగోస్లావియా పక్కనే నోవా గోరిత్సా అనే కొత్త ఊరు కట్టింది. స్టేషను ముందున్న చౌకు మధ్యలో కంచె లేచింది. 2004లో స్లొవేనియా ఐరోపా సమాఖ్యలో చేరినప్పుడు కంచె తీశారు. ఆ రెండు ఊళ్లూ కలిసి 2025కు ఐరోపా సాంస్కృతిక రాజధానిగా ఎంపికయ్యాయి. రెండు దేశాలు, రెండు భాషలు, ఒక్క కార్యక్రమం. చేదు చరిత్రను దాచకుండా దాన్నే చూడ్డానికి రండని పిలిచారు. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య కంచె ఎన్నడూ లేదు, పాస్‌పోర్టు అక్కర్లేదు, పెళ్లి సంబంధాలు ఆగలేదు. ఉన్నదల్లా రెండు శాఖలు, రెండు కరపత్రాలు, గీత దగ్గర ఆగిపోయే ఆటో పర్మిట్లు. ఐరోపావాళ్లు చేసినదానిలో పదోవంతు ప్రయత్నం ఇక్కడ చాలు.

గీత కోసిన వాటిలో అందరికంటే తక్కువ తెలిసింది ఒక నాటకం. ఒడిశాలో గంజాం జిల్లా పేరు చెబితే గుర్తొచ్చే జానపద రంగస్థలం ప్రహ్లాద నాటకం. రాత్రంతా సాగుతుంది. మెట్లుమెట్లుగా పేర్చిన వేదిక మీద భారీ కిరీటంతో హిరణ్యకశిపుడు దూకుతూ దిగుతూ ఉంటే కింద మద్దెల, ముఖవీణ, పాటగాడు. దీన్ని రాయించి నిలబెట్టింది పంతొమ్మిదో శతాబ్దంలో జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయలన్న పేరు. ఆ జలంతర ఏది? శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలంలోని జలంత్రకోట. ఒడిశా గర్వంగా చెప్పుకునే కళ పుట్టిల్లు నేటి ఆంధ్రలో ఉంది! పాటల్లో కర్ణాటక సంగీతపు ఛాయ వినపడటానికి, తెలుగు భాగవత మేళాల ప్రహ్లాదుడితో పోలికలు తగలడానికి కారణం వెతకనక్కర్లేదు. ఆ కోట ఊళ్లో ఏటా ఒక రాత్రి గంజాం బృందాన్ని పిలిచి నాటకం ఆడించి, మరుసటి రాత్రి అదే వేదిక మీద శ్రీకాకుళం గొల్లల తప్పెటగుళ్లు ఆడిస్తే, ఆ రెండు రాత్రుల కోసం హైదరాబాదు నుంచి, కటకం నుంచి జనం రారనుకోవడం పొరపాటు. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని గెంతుతూ పాడే ఆ ఆటను అపార్ట్‌మెంట్ల పిల్లలు ఒక్కసారి చూస్తే టీవీ వైపు తిరగరు. ఖర్చు ఒక మంత్రిగారి సభకు వేసే షామియానా అద్దెకు మించదు.

బరంపురంలో తెలుగు నేతవాళ్ల సంగతీ ఇలాంటిదే. పట్టుచీరలకు ఆ ఊరు పేరుపడింది. ఆ మగ్గాల మీద కూర్చున్నది దేవాంగులు, అక్కడివారి పిలుపులో డేరాలు. రెండేళ్లకోసారి వారాల తరబడి జరిగే బుడి ఠాకురాణి యాత్రలో అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు ఆ నేతకులపు పెద్ద అయిన దేశిబెహరా వీధికి వచ్చి కూర్చుంటుంది. ఊరిదేవత ఒడిశాలో, ఆమె పుట్టిల్లు సాలెవీధి.

సవరల దగ్గర మాత్రం పర్యాటకం చేతులు కట్టుకుని ఒక అడుగు వెనక్కి నిలబడాలి.

సీతంపేట కొండల్లోనూ, అటు గుణుపురం, పర్లాకిమిడి కొండల్లోనూ ఉన్నది ఒకే జాతి. 1936లోనే, ఒరిస్సా ఏర్పడిన కొద్ది నెలలకు, మంగై గొమాంగో ఆ భాషకు సొరాంగ్‌ సొంపెంగ్‌ అనే సొంత లిపి తయారుచేశారు. రెండువైపులవాళ్లు తమ తమ భాషల కోసం తగువులాడుకుంటున్న ఏడాదిలో మూడోవాళ్లు తమ లిపిని తాము చేసుకున్నారు. గోడ మీద ఎర్రమట్టి అలికి బియ్యప్పిండితో వేసే వాళ్ల బొమ్మలు ఇప్పుడు చీరల మీద, కాఫీ కప్పుల మీద కనిపిస్తున్నాయి. అవి మొదట అలంకారానికి వేసినవి కావు. జబ్బు చేసినప్పుడో, చనిపోయినవాళ్లు కలలో కనిపించినప్పుడో, వాళ్లకు ఇల్లు చూపించడానికి పూజారి వేయించే బొమ్మ అది. మానవశాస్త్రవేత్త వెరియర్‌ ఎల్విన్‌ 1955లో అచ్చువేసిన పుస్తకంలో దీని గురించి వివరంగా రాశాడు. ఆ తరువాత చాలా సవర ఊళ్లు క్రైస్తవంలోకి వెళ్లాయి, పాత తంతులు పలుచబడ్డాయి. అలాంటి ఊరికి బస్సులో జనాన్ని దింపి, మీ పూర్వీకుల పూజ చేసి చూపించండి అనడం అమర్యాద. బొమ్మలు వేసే కుర్రవాళ్లున్నారు, వాళ్లు తమ పేరుతో సంతకం పెట్టి అమ్ముకోవాలి. ఊరు పిలిస్తే వెళ్లాలి. పిలవకపోతే కొండ కింద సంతలో చింతపండు, కొండచీపుర్లు, పసుపు కొనుక్కుని తిరిగి రావాలి. సంత కూడా సంస్కృతే.

కొత్తగా ఇంకో సరిహద్దు గొడవ పర్యాటకులకు ఆకర్షణగా మారే ప్రమాదం ఉంది: సాలూరు దగ్గర కొటియా ఊళ్లు. ఇరవైయొక్క ఊళ్ల మీద రెండు రాష్ట్రాలకూ హక్కు వాదన. 1968 నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచిన వ్యాజ్యం. రెండు రేషన్‌ కార్డులున్న కుటుంబాలు. వీడియోలు తీసేవాళ్లకు అది వింత. అక్కడ ఉండేవాళ్లకు రోడ్డు, బడి, ఆసుపత్రి. వింతగా చూపించడానికి వేరే ఊళ్లు బోలెడున్నాయి, దీన్ని వదిలేయడం మంచిది.

చేతిపనుల దగ్గరికొస్తే పొందూరును మించింది లేదు. గీతకు కొంచెం దూరమే, అయినా దారిలోదే. ఇక్కడి సన్న ఖద్దరుకు వాడే కొండపత్తిలో గింజకు అంటిన దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముక పళ్లు అంత సన్నగా, అంత వరసగా ఉంటాయి, ఏ ఇనుప దువ్వెనా దాని సాటి రాదు. తీసిన ఏకుల్ని అరటి దొప్పల్లో చుట్టి ఉంచుతారు. వంద కౌంటు దాటిన నూలు చేతి రాట్నం మీద వడుకుతారు. గాంధీ ఈ పని తెలుసుకోవడానికి కొడుకు దేవదాసును పంపారని చెబుతారు. 1949 నుంచి ఆంధ్ర ఫైన్‌ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఈ పనిని నడుపుతోంది. వడికేవాళ్లలో వయసు మళ్లిన ఆడవాళ్లే ఎక్కువ. చూడ్డానికి వచ్చేవాళ్లు ఫొటో తీసుకుని వెళ్లిపోతే ఆ రాట్నం మరో పదేళ్లు తిరగదు. పని చూపించినందుకు రుసుము పెట్టి, దాన్ని వడికిన మనిషికే ఇవ్వాలి. సరవకోట మండలం బుడితిలో కంచు, ఇత్తడి పాత్రలు పోసేవాళ్లకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చేసేవాళ్ల దగ్గర నైపుణ్యం ఉంది, అంగడి లేదు. గంజాంలో మొగలిపువ్వు నుంచి తీసే అత్తరు కనౌజ్‌ వర్తకుల చేతికి పోయి పేరు మార్చుకుంటుంది.

పక్షుల గురించి ఒక్క మాట. టెక్కలి మండలం తేలినీలాపురంలో చింతచెట్ల మీద, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఊరి నడుమ చెట్ల మీద కొంగలు గూళ్లు పెడతాయి. ఊరివాళ్లు వాటిని ఆడపడుచులు వచ్చినట్టు చూసుకుంటారు, అవి రాని ఏడు పంటలు పండవని భయపడతారు. ఇంతవరకు అందమైన సంగతి. అవి సైబీరియా నుంచి వస్తాయని పత్రికలు ఏటా రాస్తాయి, టీవీలు ఏటా చెబుతాయి. తేలినీలాపురంలో గూడుకట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గానీ, తేలుకుంచి నత్తగుల్ల కొంగలు గానీ మన దేశంలోనే పుట్టి పెరిగే జాతులు. సైబీరియా కథ వినడానికి బాగుంటుంది, కానీ పర్యాటకుడికి అబద్ధం అమ్మడం మొదలుపెడితే గుళ్ల దగ్గరా అదే అలవాటవుతుంది. ఇప్పటికే ప్రతి కొండకూ పాండవులు వచ్చారు.

ఆ మాటకొస్తే మహేంద్రగిరి మీద కుంతి, భీముడు, ధర్మరాజుల పేర్లతో గుళ్లున్నాయి. కట్టినవాళ్లు పాండవులు కారు. అక్కడి గోకర్ణేశ్వరుడు గంగరాజుల ఇలవేల్పు. రాజేంద్ర చోళుడి సేనలు ఇక్కడిదాకా వచ్చి శాసనం చెక్కించి పోయాయి. 1,501 మీటర్ల ఈ కొండను 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. శివరాత్రికి రెండువైపుల నుంచీ ఎక్కుతారు. మందస వైపు నుంచి చూసేవాళ్లకు అది తమ కొండ, పర్లాకిమిడి వైపువాళ్లకు తమది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పైన ప్లాస్టిక్కు ఏరే బాధ్యత మాత్రం ఇంకా ఎవరిదీ కాలేదు.

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురాల ఉద్దానం కొబ్బరితోటల్ని చూసి కోనసీమతో పోల్చి హోటళ్లు కట్టాలన్న ఉబలాటం ఉంది. అక్కడ కిడ్నీ జబ్బు పీడ దశాబ్దాలుగా ఉంది, దాని కారణం పూర్తిగా తేలలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరిని, జీడితోటల్ని కూల్చింది. శుభ్రమైన తాగునీరు ఊరివాడికి ముందు, ఈతకొలనుకు తరువాత. ఈ వరస మార్చే ఏ ప్రణాళికనూ ఒప్పుకోకూడదు.

చేయవలసిన పనుల్లో పెద్ద డబ్బు అడిగేవి తక్కువ. శ్రీకాకుళం, గజపతి, గంజాం కలెక్టర్లు ముగ్గురూ ఏడాదికోసారి కూర్చుని జాతరల తేదీలతో ఒక్క క్యాలెండరు వేయించాలి, తెలుగు ఒకవైపు, ఒడియా మరోవైపు. ఈ ప్రాంతంలో రెండు భాషలూ ఇంట్లోనే నేర్చిన కుర్రవాళ్లకు కొదవ లేదు. ఇచ్ఛాపురంలో ఒడియా మాధ్యమం బడులున్నాయి, పర్లాకిమిడిలో తెలుగిళ్లున్నాయి. వాళ్లలో ఏటా కొంతమందికి శాసనాలు, శిల్పం, పక్షుల మీద శిక్షణ ఇచ్చి, రెండు రాష్ట్రాల్లోనూ చెల్లే గైడు కార్డు ఇవ్వాలి. గుణుపురం బండి ఆగే దాదాపు ప్రతి స్టేషను దగ్గరా చూపదగినది ఒకటుంది. స్టేషను గోడ మీద దాని పేరు, దూరం, ఆటో ధర రాయాలి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం ఉంది, తెలుగు కథలన్నిటినీ ఒక్కచోట చేర్చాలన్నది దాని ఉద్దేశం. గుళ్ల జాబితాలో దానికీ ఒక వరస కేటాయించాలి. ఇచ్ఛాపురం నుంచి వచ్చినవాడు తెలుగు కథకు ఇంత పెద్ద ఇల్లు ఉందని తెలిస్తే తప్పకుండా తలుపు తడతాడు.

పుస్తకాల్లో గిడుగు పేరు చదివి వచ్చేవాళ్లకు ఆయన పుట్టిన ఊరు, పాఠం చెప్పిన ఊరు, శిథిలాలు చూసిన కొండ — మూడూ ఒక్క రోజు దూరంలో ఉన్నాయి. రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. ‘గిడుగు దారి’ అని పేరుపెట్టి, ముఖలింగం నుంచి పర్లాకిమిడి మీదుగా శాలిహుండానికి గుర్తురాళ్లు నాటడానికి ఏ ట్రిబ్యునల్‌ అనుమతీ అక్కర్లేదు. వంశధార నీళ్ల పంపకం ట్రిబ్యునల్‌కు వెళ్లి 2017లో తీర్పు వచ్చింది. కథల పంపకానికి అంత దూరం పోవాల్సిన పని లేదు.

ప్రభుత్వాలు కదిలేలోపు చదువరులు చేయగలది కొంత ఉంది. వచ్చే శివరాత్రికి విశాఖలో గుణుపురం బండి ఎక్కండి. పర్లాకిమిడిలో ఒక రాత్రి ఉండి, పొద్దున్నే నది దాటి పాతపట్నం రండి. ముఖలింగంలో స్నానం చేసి, ఊరివాళ్లలో ఒకరిని తోడు తీసుకుని మూడు గుళ్లూ చూడండి. అడిగిన డబ్బు బేరమాడకుండా ఇవ్వండి. తిరుగు ప్రయాణంలో పొందూరులో దిగి, ఖద్దరు సంఘం దుకాణంలోనే కొనండి.